రాతతో ఇల్లు నడపాలంటే

కథలు రాసి బతకవచ్చా అని ఎవరైనా అడిగితే, మీ ఇంటి అద్దె ఎంత అని ఎదురు అడుగుతాను. ఆదివారం అనుబంధంలో కథ అచ్చయితే వచ్చే పారితోషికం ఒక నెల కరెంటు బిల్లుకు సరిపోతుంది, అదీ వచ్చినప్పుడు. సొంత ఖర్చుతో ఐదువందల ప్రతులు వేసుకుంటే సగం మనమే సంతకాలు పెట్టి పంచిపెడతాం, మిగతా సగం మంచం కింద ఉంటాయి. నేను హనుమకొండలో ఇంట్లో కూర్చుని పుష్కరకాలంగా రాత మీదే బతుకుతున్నాను. అంతకుముందు ఒక దినపత్రిక డెస్కులో రాత్రి డ్యూటీలు చేశాను. అద్దె, అమ్మాయి చదువు, అత్తయ్య మందులు అన్నీ ఈ బల్ల సంపాదనతోనే గడిచాయి. అందులో నా కథల వాటా చెప్పుకోదగ్గది కాదు.

కాబట్టి మంచి వాక్యం ఎలా రాయాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. అది ఇప్పటికే చేతనైనవారి కోసమే ఇదంతా. మనవాళ్లలో చాలామంది చక్కగా రాస్తారు, డబ్బు మాట వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. "మీకు తోచింది ఇవ్వండి" అని నోరు జారితే ఆ నెల అద్దె ఆలస్యమైనట్టే.

పని ఎక్కడుంది

నిలకడగా డబ్బు వచ్చే మొదటి దారి అనువాదం. బెంగళూరు, పుణె, ఢిల్లీలలోని అనువాద సంస్థలు బ్యాంకు యాప్‌లు, పురుగుమందుల కరపత్రాలు, బీమా కాగితాలు, సర్వే ప్రశ్నావళులు పంపుతుంటాయి. వాటి సైట్లలో అనువాదకుల నమోదు పత్రం ఉంటుంది. అది నింపి ఊరుకుంటే ఎవరూ పిలవరు. మీకు ఏ రంగం తెలుసో అందులో గట్టిగా రాయాలి. "అన్ని రకాల అనువాదాలు చేస్తాను" అని రాసినవారి కంటే "వ్యవసాయం, పశువైద్యం" అని రాసినవారికి ముందు ఫోను వస్తుంది.

ఆసుపత్రుల పని మంచిది, బాధ్యత ఎక్కువ. కొత్త మందుల పరీక్షల్లో పాల్గొనేవారి సమ్మతి పత్రం వారికి అర్థమయ్యే భాషలో ఉండాలని నిబంధన. ఒకరు తెలుగులోకి చేసినదాన్ని మరొకరు మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పుతారు, అర్థం మారలేదని సరిచూడటానికి. అంటే ఒకే కాగితం మీద ఇద్దరికి పని. ఇందులో తొందరపడి చేసే మనిషికి చోటు లేదు.

పోటీ పరీక్షల పుస్తకాలు ఇంకొక దారి. గ్రూప్స్‌కు తెలుగు మాధ్యమంలో చదివేవారికి ఆర్థిక సర్వే, బడ్జెట్, పర్యావరణం మీద ఏటా కొత్త పాఠాలు కావాలి. నోటిఫికేషన్ పడిన వారంలో ప్రచురణకర్తలకు తిండి సహించదు. అప్పుడు అడిగే రేటు మామూలు రోజుల్లో అడిగితే ఇవ్వరు. ఆడియో ధారావాహికలు, అనువాద సీరియళ్లకు మాటలు రాసే పనులు కూడా ఉన్నాయి. ఎపిసోడ్ లెక్కన ఇస్తారు, వేగం కావాలి. నాకు ఆ వేగం లేదు, వదిలేశాను.

ఎన్నికల కాలంలో పాటలు, కరపత్రాలు, ప్రసంగాలు రాయమని వస్తారు. తీసుకోవచ్చు. పూర్తి డబ్బు చేతికి వచ్చాకే పల్లవి వినిపించాలి. ఫలితాల తరువాత గెలిచినవారికి తీరిక ఉండదు, ఓడినవారికి ఫోను కలవదు.

మరి ఈ పనులన్నీ ఎవరి దగ్గర దొరుకుతాయి? చాలామంది పట్టించుకోని మనిషి ఒకరున్నారు: మీ ఊళ్లో డీటీపీ సెంటర్ యజమాని. ఎవరు పుస్తకం వేయిస్తున్నారు, ఏ కాలేజీ వార్షిక సంచిక ఆగిపోయింది, ఏ పెద్దాయన అభినందన సంచికకు వ్యాసాలు సరిదిద్దే మనిషి కావాలి, అన్నీ ఆయనకే తెలుస్తాయి. నా తొలి పనులు హనుమకొండ చౌరస్తా దగ్గరి అలాంటి చిన్న గదిలోంచే వచ్చాయి. ఆయనకు ప్రూఫులు వేళకు దిద్ది ఇవ్వండి, మీ పేరు ఆయనే చెబుతారు.

నేరుగా సంస్థలను పట్టుకోవాలంటే నా పద్ధతి ఇది. వారి కరపత్రమో, యాప్‌లోని ఒక పేజీయో తీసుకుని, తెలుగు ఎక్కడ తడబడిందో గుర్తులు పెట్టి, పక్కన సరైన పాఠం రాసి పంపుతాను. ఎగతాళి ఉండకూడదు, ఒక పేజీ దాటకూడదు. జవాబు రాకపోతే పోయేది ఒక గంట. నమూనా అనువాదం అడిగితే 250 పదాల వరకు ఉచితంగా చేయండి. "నమూనా" పేరుతో పది పేజీలు వచ్చాయంటే, ఒక పుస్తకాన్ని పదిమందికి పంచి ఉచితంగా పూర్తి చేసుకుంటున్నారని అర్థం. ఇంట్లో కూర్చుని టైపు చేస్తే వేలు వస్తాయని, ముందు నమోదు రుసుము కట్టమని వచ్చే ప్రకటనల జోలికి అసలు వెళ్లకండి. పని ఇచ్చేవారు డబ్బు ఇస్తారు, అడగరు.

ధర ఎలా కట్టాలి

కాగితం తీసుకోండి. ఇంటి ఖర్చు నెలకు 35,000 అనుకుందాం. పన్ను, బీమా, కంప్యూటర్ మరమ్మతు, ఇంటర్నెట్, పని లేని నెలల కోసం దాచేది కలిపి మరో 10,000. మొత్తం 45,000. ఇప్పుడు నిజంగా రాసే గంటలు ఎన్ని? రోజంతా బల్ల దగ్గరే ఉన్నా ఫోన్లు, బిల్లులు, దిద్దుబాట్లు, వంట పోగా డబ్బు తెచ్చే గంటలు నాలుగుకు మించవు. నెలకు 25 రోజులు, అంటే 100 గంటలు. గంటకు 450 రూపాయలు రావాలి. మీ వేగం చూసుకోండి. తిరిగి చదివి దిద్దడంతో కలిపి గంటకు 300 ఇంగ్లీషు పదాలు చేయగలిగితే పదానికి రూపాయిన్నర మీ కనీస ధర. అంతకంటే తక్కువకు ఒప్పుకుంటే ఆ తేడా మీ నిద్రలోంచి కట్టాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తెలుగులో విభక్తులు, క్రియల ప్రత్యయాలు పదానికే అతుక్కుంటాయి కాబట్టి ఇంగ్లీషులో వెయ్యి పదాలున్నది తెలుగులోకి వచ్చేసరికి ఏడువందల చిల్లర అవుతుంది. "చేసిన పదాలకు లెక్క కడతాం" అన్న వాక్యానికి తల ఊపితే నాలుగో వంతుకు పైగా జీతం అక్కడే పోతుంది. మూల పాఠంలోని పదాల లెక్క మీదే ధర అని ముందే రాయించుకోండి. తెలుగు నుంచి ఇంగ్లీషుకు చేసేటప్పుడు మూల పదాలకు ధర పెంచాలి, లేదా వచ్చిన ఇంగ్లీషు పదాలకు కట్టించుకోవాలి. ప్రూఫులకు పదాల లెక్క వద్దు. పేజీ లెక్క కూడా వద్దు, ఎందుకంటే వారి పేజీలో ఎన్ని అక్షరాలు ఇరికిస్తారో మీకు తెలియదు. గంటల లెక్కన అడగండి.

బేరం ఆడతారు. "అమ్మా, రెండు పేజీలే కదా, మీకు చిటికెలో పని" అంటారు. చిటికెలో చేయడానికి ఎన్నేళ్లు పట్టిందో వివరించకండి, వారు వినరు. "అవునండీ, రెండు పేజీలకు ఇంత" అని చెప్పి ఆగిపోండి. ఆ తరువాత వచ్చే నిశ్శబ్దాన్ని భరించడమే అసలు విద్య. మనవాళ్లు ఆ నిశ్శబ్దంలో కంగారుపడి తామే ధర తగ్గించేస్తారు. తగ్గించక తప్పకపోతే పని కూడా తగ్గించండి: ఒకసారే దిద్దుతాను, గడువు పది రోజులు, పేజీ అమరిక నాది కాదు, ఇలా. బంధువులకు, స్నేహితులకు రెండే పద్ధతులు. పూర్తి ధర, లేదా పూర్తిగా ఉచితం. సగం ధర తీసుకున్న పని దగ్గరే చుట్టరికాలు చెడతాయి.

ముందే రాసుకోవడం

పెద్ద ఒప్పందాలు అక్కర్లేదు. ఫోనులో మాట అయ్యాక ఒక ఈమెయిలు పంపి, "సరే" అని జవాబు వచ్చాకే పని మొదలుపెట్టండి. నేను పంపేది దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్కారం. మనం మాట్లాడుకున్న ప్రకారం మీ శిక్షణ పుస్తకం (ఇంగ్లీషులో 12,000 పదాలు) తెలుగులోకి అనువదించి, జూలై 20 నాటికి యూనికోడ్ వర్డ్ ఫైలుగా ఇస్తాను. ధర మూల పదానికి 2 రూపాయల చొప్పున 24,000. సగం ముందుగా, మిగతా సగం పని అందిన 15 రోజుల్లో. మీ సూచనల ప్రకారం ఒకసారి దిద్ది ఇస్తాను. మూలం మారితే ఆ భాగానికి ధర విడిగా ఉంటుంది. డబ్బు పూర్తిగా అందిన తరువాత ప్రచురణ హక్కు మీది. అనువాదకురాలిగా నా పేరు లోపలి పేజీలో వేయాలి. అంగీకారమైతే జవాబు ఇవ్వగలరు."

ఇందులో "మూలం మారితే" అన్న వాక్యం ఎంతో విలువైనది. సంస్థల్లో పై అధికారి ఆఖరి వారంలో మేలుకుంటారు.

హక్కుల విషయం కాస్త వివరంగా చెప్పాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఉద్యోగిగా కాక బయట నుంచి రాసిన రచనకు మొదటి హక్కుదారు రాసినవారే. ఆ హక్కు ఇంకొకరికి వెళ్లాలంటే సంతకంతో కూడిన రాత ఉండాలి, నోటి మాట చెల్లదు. ఆ పత్రంలో ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం లెక్క. కరపత్రానికి ఇవన్నీ పట్టించుకోనవసరం లేదు, హక్కు ఇచ్చేయండి. ఆడియో కథలకు, మీ సొంత నవలలకు మాత్రం ఒప్పందం చివరి పేజీ వరకు చదవాలి. "ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాలలో, ప్రపంచమంతటా, శాశ్వతంగా" అన్న వరస కనబడితే సినిమా, అనువాదం, అచ్చు అన్నీ ఆ చిన్న మొత్తానికే పోయినట్టు. ఆడియో హక్కు మాత్రమే ఇస్తానని అడిగి చూడండి. కొందరు ఒప్పుకుంటారు.

పెద్దవారి జీవిత కథలు

నేను ఎక్కువ ఇష్టంగా చేసే పని ఇది, మంచి డబ్బు వచ్చేదీ ఇదే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు నాన్నగారి ఎనభయ్యో ఏటికి, సహస్ర చంద్ర దర్శనానికి ఆయన జీవితం పుస్తకంగా వేయాలనుకుంటారు. ఆయన చెబుతారు, మనం రాస్తాం, పేరు ఆయనది. పరకాల, జమ్మికుంట, మహబూబాబాద్ చుట్టుపక్కల నుంచే నాకు తరచుగా ఇలాంటి పనులు వస్తాయి, ఒక ఇంటి పుస్తకం చూసి ఇంకొక ఇల్లు.

దీనికి పేజీ లెక్కన ధర చెప్పకండి. గంటలు లెక్క వేయండి. పన్నెండు గంటల రికార్డింగు ఉంటుందనుకుంటే, వెళ్లిరావడాలతో కలిపి 30 గంటలు. విన్నది కాగితం మీద పెట్టడానికి గంట మాటకు ఐదు గంటలు, అంటే 60. రాయడానికి 120, దిద్దుబాట్లకు 40. మొత్తం 250 గంటలు. గంటకు 450 చొప్పున 1,12,500 అవుతుంది. ప్రయాణాలు కలిపి 1,20,000 చెబితే అన్యాయం కాదు. నాలుగు వాయిదాలు పెట్టండి: మొదలుపెట్టేటప్పుడు, రికార్డింగులు పూర్తయ్యాక, మొదటి ప్రతి ఇచ్చేటప్పుడు, చివరి ప్రతి ఇచ్చే ముందు. అచ్చు ఖర్చు వారిదే, ప్రెస్సుతో లావాదేవీ కూడా వారిదే. మీ ద్వారా డబ్బు వెళ్తే కాగితం పలచగా ఉందన్న మాట మీ మీదికి వస్తుంది. ఐఎస్‌బిఎన్ కావాలంటే మన దేశంలో అది ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. అది ఇప్పిస్తామని డబ్బు అడిగేవారున్నారు, జాగ్రత్త.

కూర్చోబెట్టి "మీ బాల్యం గురించి చెప్పండి" అంటే అందరూ ఒకటే పాఠం అప్పజెబుతారు: కటిక పేదరికం, దీపం వెలుగులో చదువు, దేవుడి దయ. వస్తువుల గురించి అడగాలి. మొదటి జీతం ఎంత, దానితో ఏం కొన్నారు, ఇంట్లో తాళం చెవులు ఎవరి దగ్గర ఉండేవి, పెళ్లికి ఎడ్లబండి ఎవరిది. నాగార్జున సాగర్ కట్టేటప్పుడు వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన ఒక పెద్దాయన, డ్యామ్ గురించి అడిగినంతసేపు వార్తాపత్రిక భాషలో మాట్లాడారు. మొదటి జీతం దగ్గరికి వచ్చేసరికి, "నాన్నకు చెప్పులు కొన్నానమ్మా. ఆయన తొడగలేదు, దూలానికి తగిలించుకున్నాడు" అన్నారు. ఆ పుస్తకంలో పిల్లలు ఎక్కువగా చెప్పుకున్నది ఆ ఒక్క పేరా.

జ్ఞాపకం తారీఖుల దగ్గర నమ్మదగింది కాదు. సాగర్‌కు శంకుస్థాపన 1954లో జరిగిందని ఆయన బల్ల గుద్ది చెప్పారు. నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. ఊరందరికీ తెలిసిన సంఘటనల తేదీలు సరిచూసి, వాటి పక్కన ఇంటి సంఘటనలు పెట్టుకుంటూ పోతే మిగతా ఏళ్లు వాటంతట అవే సర్దుకుంటాయి. "సాగర్ నీళ్లు వదిలిన ఏడు పెద్దమ్మాయి పుట్టింది" అంటే అది 1967.

అన్నిటికంటే ముఖ్యం, చివరి మాట ఎవరిదో మొదటి రోజే రాసుకోవడం. డబ్బు ఇచ్చేది కొడుకు, కథ తండ్రిది. భూమి పంపకాల దగ్గరో, తమ్ముడితో మాటలు ఆగిపోయిన చోటో ఇద్దరికీ పొంతన కుదరదు. ఏది ఉండాలో ఏది తీసేయాలో పెద్దాయన నిర్ణయిస్తారని, ఆయన సరే అన్న ప్రతే చివరిదని నేను ఈమెయిల్లో రాస్తాను. బతికున్న ఇతరుల గురించి నింద ఉంటే రాయనని కూడా. రికార్డింగులు పని అయ్యాక కుటుంబానికి ఇచ్చేసి నా దగ్గర తీసేస్తాను.

బిల్లు, వసూలు

బిల్లు పని ఇచ్చిన రోజే పంపాలి, నెలాఖరుకు కాదు. వరస సంఖ్య, తేదీ, పని వివరం, మీ పాన్, బ్యాంకు ఖాతా వివరాలు ఉంటే చాలు. ఒక సంస్థ నుంచి ఏడాదికి వృత్తి రుసుముగా 50,000 దాటితే వారు 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుంటారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. పట్టుకున్నది పోయినట్టు కాదు, రిటర్ను వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. అందుకే పట్టుకున్నవారు నిజంగా ప్రభుత్వానికి కట్టారో లేదో ఆదాయపు పన్ను సైటులో మీ పేరు మీదున్న పన్ను వివరాల్లో చూసుకోండి. టీడీఎస్ పోను కట్టాల్సిన పన్ను 10,000 దాటేలా ఉంటే జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15వ తేదీ లోపు ముందస్తు పన్ను కట్టాలి. రాబడిలో సగాన్నే ఆదాయంగా చూపించే సులువు పద్ధతి కొన్ని వృత్తులకు ఉంది. సినిమాకు కథ, మాటలు, పాటలు రాసేవారు ఆ జాబితాలో ఉన్నారు. కరపత్రాలు అనువదించే మనలాంటివారి సంగతి ఆడిటరును అడిగి తేల్చుకోవాలి. జీఎస్‌టీ నమోదు ఏడాది రాబడి 20 లక్షలు దాటేవరకు అక్కర్లేదు. అంత వరకు వచ్చినవారికి నా సలహాలు అవసరం లేదు.

ఉద్యమ్ అనే చిన్న సంస్థల నమోదు మాత్రం ఈ వారమే చేసుకోండి. ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ సైటులో ఉచితంగా, పావుగంటలో అవుతుంది. ఇంట్లో ఒక్కరే కూర్చుని రాసేవారూ సేవలు అందించే సూక్ష్మ సంస్థ కిందికి వస్తారు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో మీ డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. పైగా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువులోపు ఇవ్వని బకాయిని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే సంస్థలు ఖర్చుగా చూపించుకోవాలి, అంటే మార్చి దాటేదాకా బాకీ పెడితే ఆ ఏడాది పన్ను వారికే పెరుగుతుంది. ఈ ఒక్క నిబంధన సంస్థల అకౌంటెంట్లలో ఎంతో మర్యాద పెంచింది. నేను బిల్లు అడుగున ఉద్యమ్ సంఖ్య వేసి, ఒప్పుకున్న చెల్లింపు గడువును ఒక వరసలో రాస్తాను. మార్చి మొదటి వారంలో పాత బకాయిలన్నిటికీ ఒక గుర్తు ఉత్తరం పంపుతాను. అయినా కదలకపోతే చిన్న సంస్థల బకాయిల కోసం ప్రభుత్వం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడిదాకా వెళ్తున్నానని మర్యాదగా తెలియజేస్తేనే చాలాసార్లు డబ్బు పడుతుంది.

ఫోను చేయాల్సింది పని ఇచ్చిన మేనేజరుకు కాదు. ఆయనకు మీ బిల్లు గుర్తు కూడా ఉండదు, పైగా మొహమాటాలు. అకౌంట్స్ విభాగంలో బిల్లులు చూసే మనిషి పేరు కనుక్కోండి. "బిల్లు ఎవరి సంతకం కోసం ఆగింది?" అని అడగండి. "ఎప్పుడు ఇస్తారు?" అన్న ప్రశ్నకు "చూస్తున్నాం" అనే జవాబు ఉంటుంది, ఈ ప్రశ్నకు ఒక మనిషి పేరు చెప్పాలి. పాత బాకీ ఉన్నవారి నుంచి కొత్త పని తీసుకోవద్దు. ఏ సందర్భంలోనూ.

యంత్రం చేసిన అనువాదం

ఇప్పుడు సంస్థలు యంత్రం చేత అనువదించి, "కాస్త చూసి సరిదిద్దండి, పదానికి సగం రేటు" అని పంపుతున్నాయి. ఫైలు చూడకుండా ఒప్పుకోకండి. మొదటి వంద వాక్యాలు గడియారం పెట్టుకుని దిద్ది, మొత్తానికి ఎన్ని గంటలో లెక్కగట్టి, గంటల రేటు చెప్పండి. కొన్ని ఫైళ్లు నిజంగానే బాగుంటాయి, వాటికి సగం రేటు లాభమే. మరికొన్ని మొదటి నుంచి రాయడం కంటే ఆలస్యం. యంత్రం ఒకే పేజీలో మీరు, నువ్వు కలిపేస్తుంది. డాక్టరమ్మను ఒక వాక్యంలో "వచ్చారు" అని, తరువాతి వాక్యంలో "చెప్పింది" అని అంటుంది. ప్రతిదీ "చేయబడుతుంది", "ఇవ్వబడుతుంది" అని సాగదీస్తుంది. మందు మోతాదు దగ్గర ముందూ వెనకా మారిస్తే ప్రాణం మీదికి వస్తుంది. చదవడానికి నున్నగా ఉంటుంది కాబట్టే తప్పు కంటికి తగలదు, మూలాన్ని పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం చూడాల్సిందే. యాప్‌ల చిన్న చిన్న వాక్యాల పని తగ్గిపోయింది, ఇంకా తగ్గుతుంది. జీవిత కథలు, సమ్మతి పత్రాలు, మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడాల్సిన పనుల వైపు నేను అందుకే జరిగాను.

బల్ల, ఫాంట్లు, ఇంటివాళ్లు

టైపింగు ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీబోర్డు అమరికలో నేర్చుకోండి. నెల రోజులు చిరాకు పెడుతుంది, ఆ తరువాత వేళ్లే రాస్తాయి. ఫైళ్లు ఏ కంప్యూటర్లోనైనా, ఫోనులోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే పెట్టుకోండి. మన ప్రెస్సులు చాలావరకు ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు, పేజీలు అమర్చే పేజ్‌మేకర్ అడుగుతాయి. యూనికోడ్ నుంచి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, అంకెల చుట్టూ ఉన్న గుర్తులు మారిపోతాయి. మార్చిన తరువాత ప్రూఫు ఇంకొకసారి చూడాలి, దానికి ధర విడిగా. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పక్క అక్షరం కిందికి వత్తుగా జారకుండా కనబడని విభజన గుర్తు పెట్టడం తెలిసిన అనువాదకుడికి సంస్థల్లో గౌరవం ఎక్కువ, చిన్న విషయమే అయినా. ఒకసారి అనువదించిన వాక్యాన్ని గుర్తుపెట్టుకునే ఒమేగా-టి లాంటి ఉచిత సాధనం వాడండి. బీమా కాగితాల్లో అదే వాక్యం ముప్పై చోట్ల వస్తుంది. పదాల కోసం ఆంధ్రభారతి నిఘంటు శోధన ఎప్పుడూ తెరిచి ఉంచుతాను. ఇన్వర్టరు ఖర్చు కాదు, పెట్టుబడి.

ఇంట్లో ఉండేవారికి పని లేదని లోకం నమ్మకం. పక్కింటివాళ్ల కొరియర్లు, గ్యాస్ బండ, చుట్టాల బస్టాండు ప్రయాణాలు అన్నీ మనకే వస్తాయి. "ఇంట్లోనే ఉంటావుగా" అనేవారికి నేను పదింటి నుంచి ఒంటిగంట వరకు దొరకను. తలుపు వేసి ఉంటే నేను ఊళ్లో లేనట్టే అని అత్తయ్యే అందరికీ చెబుతారు. ఆవిడ ఒప్పుకోవడానికి కారణం నా వివరణలు కావు, మొదటి పెద్ద చెక్కును ఆవిడ చేతికే ఇవ్వడం.

ఉద్యోగం మానే ముందు

ఆరు నెలల ఇంటి ఖర్చు విడి ఖాతాలో ఉండాలి. డబ్బు ఇచ్చే సంస్థలు కనీసం మూడు ఉండాలి, ఏ ఒక్కదాని వాటా సగం దాటకూడదు. ఉద్యోగంలో ఉండగానే రాత్రిళ్లు, ఆదివారాలు ఈ పని చేసి చూడండి. మీ నియామక పత్రంలో బయటి పనులకు అనుమతి ఉందో లేదో ముందు చదవండి. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా నడుస్తుండగానే సొంత పాలసీ తీసుకోండి. షుగరు, రక్తపోటు లాంటి ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం పెట్టవచ్చు, ఆ గడియారం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్‌టీ లేదు. దరఖాస్తులో ఉన్న జబ్బులు దాచకండి, క్లెయిము రోజున అదే అడ్డు వస్తుంది. క్రెడిట్ కార్డు, ఇంటి రుణం లాంటివి కావాలంటే జీతం చీటీ చేతిలో ఉన్నప్పుడే దరఖాస్తు పెట్టండి. రాజీనామా తరువాత బ్యాంకులు రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాయి.